హిరోషిమా: ధర్మాధర్మ విచారము

అణ్వస్త్రమును యుద్ధములో ప్రయోగించుట ఎన్నడైన ధర్మ్యము కాగలదా యను ప్రశ్నకు జనులు సాధారణముగా ఒక లెక్కతో బదులు చెప్పుచుందురు. జపాను గడ్డపై సేనలను దింపియుండినచో పదిలక్షలకు మించిన అమెరికను సైనికులు హతులో క్షతగాత్రులో అయియుందురనియు, రెండు బాంబులచే ఆ నష్టము తప్పినదనియు ఆ లెక్క. దీనిని లోకమునకు విశదముగా వినిపించినవాడు ఆనాటి అమెరికా యుద్ధకార్యదర్శి హెన్రీ స్టిమ్‌సన్. 1947వ సంవత్సరము ఫిబ్రవరిలో హార్పర్స్ పత్రికయందు ఆయన వ్రాసిన వ్యాసమునే సమర్థకులు నేటికిని ఉదాహరించుచున్నారు. అది బాంబులు పడిన పదునెనిమిది నెలలకు వ్రాసిన సమాధానము. ప్రయోగమునకు పూర్వము ఆ పెద్దలు దేనిని విచారించిరో, దేనిని విచారింపక విడిచిరో చూడకయే ఈ లెక్కను అంగీకరించుట మాకు సమ్మతము గాదు.

ఎదుటిపక్షపు బలమును దాచుట న్యాయము గాదు గనుక దానిని మొదటనే చెప్పెదము. 1945వ సంవత్సరము ఏప్రిలు మొదలు జూను వరకు జరిగిన ఒకినావా యుద్ధములో అమెరికనులు 12,000 మందికి పైగా మడిసిరి. జపాను సైనికులును, ద్వీపవాసులగు గృహస్థులును కలిసి అంతకు పదిరెట్లకు మించి నశించిరి. చైనా మొదలగు దేశములలో జపాను సేనల చేతికింద జనులు దినదినమును చచ్చుచునే యుండిరి. ఆగస్టు 9వ తేదిని టోకియోలో కూడిన ఆరుగురు పెద్దల మండలి, నాగసాకి వార్త చేరిన పిమ్మట గూడ, ఏ నియమములపై లొంగవలెనను విషయమున ముగ్గురు ముగ్గురుగా చీలిపోయెను. అట్టి సేనానాయకులు మంచిమాటతో ఆయుధములు దించియుందురని చెప్పువారిని మేమును నమ్మము.

అయినను, బాంబు వేయుటయో సేనలను దింపుటయో రెండే మార్గములుండెననుట చరిత్రకు సరిపడదు. క్యూషూ ద్వీపముపై సేనలను దింపుటకు ఏర్పరచిన దినము 1945 నవంబరు 1వ తేది. హిరోషిమా నాటికి దానికి ఇంకను 87 దినములు గడువుండెను. రష్యా యుద్ధములో ప్రవేశించునని అమెరికావారికి ముందుగనే తెలియును. చక్రవర్తి వంశమును నిలుపుదుమని సూచించు వాక్యమొకటి పాట్స్‌డామ్ ప్రకటన చిత్తుప్రతిలో ఉండెను. దానిని చేర్పగోరినవాడు పైని చెప్పిన స్టిమ్‌సనే. జులై 26వ తేదిని ప్రకటన వెలువడునప్పటికి ఆ వాక్యము తొలగింపబడెను. బాంబులు పడిన తరువాత చక్రవర్తిని నిలిపిరి. ఏ మాట ముందు చెప్పుటకు మనసు రాలేదో, ఆ పనినే రెండు నగరములు బూడిదయైన పిమ్మట చేసిరి. బాంబులు లేకున్నను ఆ సంవత్సరాంతములోపల జపాను లొంగియుండెడిదని 1946లో అమెరికా ప్రభుత్వపు బాంబుదాడుల పరిశీలన సంఘమే తేల్చినది. అదియు వెనుక చూచి చెప్పిన మాటయే గనుక మేము దానిపై మిక్కిలిగా ఆనుకొనము.

మేము ఆనుకొనునది ముందు జరిగిన ఆలోచనలపైన. 1945 మే 31వ తేదిని వాషింగ్టనులో కూడిన తాత్కాలిక సంఘము, హెచ్చరిక లేకయే బాంబు వేయవలెననియు, సాధ్యమైనంత ఎక్కువమంది నివాసుల మనస్సులపై గాఢమైన ముద్ర పడవలెననియు నిర్ణయించెను. కేవలము గృహస్థులుండు తావును గురిగా గొనరాదని చెప్పుచునే, వేలకొలది పనివారు గల యుద్ధ కర్మాగారమై, చుట్టును ఆ పనివారి ఇండ్లు దగ్గరదగ్గరగా నుండు తావు మిక్కిలి తగినదనిరి. చదువరులు ఈ మాటను రెండుమారులు చదువవలెను. కర్మాగారమే కావలసినచో, దానిచుట్టు ఇండ్లుండుట ఆటంకముగా తోపవలసినది. ఇచ్చట అది యోగ్యతగా ఎన్నబడినది. కొన్ని నగరములను మామూలు బాంబుదాడులనుండి వేరుగా కాపాడియుంచిరి. క్రొత్త బాంబు శక్తి స్పష్టముగా కనబడవలెనని. వానిలో నొకటియగు క్యోటోను, దాని ప్రాచీన వైభవమును తలచి స్టిమ్‌సన్ పట్టుపట్టి జాబితానుండి తీసివేయించెను. ఒక నగరమును విడిచిపెట్టుట ఎట్లో వారికి తెలియకపోలేదు.

హిరోషిమాలో సేనాకార్యాలయములుండెను, ఓడరేవుండెను, కోటలో సైనికులుండిరి, ఇవి నిజములే. కాని విమానము గురిచేసినది రేవును గాదు, కర్మాగారములను గాదు. నగరమధ్యమున నున్న అయొయి వంతెనను. ఊరి అంచులనున్న పెద్ద కర్మాగారములు దాదాపు చెక్కుచెదరలేదనియు, వానిలోని పనివారిలో నూటికి 94 మందికి గాయము తగులలేదనియు పైని చెప్పిన పరిశీలన సంఘమే వ్రాసినది. ఆ సంవత్సరాంతమునకు చనిపోయినవారు సుమారు 1,40,000 మంది. వారిలో వేలకొలది కొరియావారుండిరి. అనేకులు జపాను ప్రభుత్వముచే నిర్బంధముగా పనికి తేబడినవారు.

మావంటి బడిపంతుళ్లకు మరువరానిది మరియొకటి కలదు. ఆగస్టు 6వ తేది ఉదయము 8 గంటల 15 నిమిషములకు బాంబు ప్రేలినప్పుడు, పండ్రెండు పదమూడేండ్ల విద్యార్థులు ఎనిమిదివేలకు పైగా వీధులలో పనిచేయుచుండిరి. మంటలు ప్రాకకుండ నడుమనడుమ ఇండ్లు కూలద్రోసి ఖాళీతావులు చేయుట వారి పని. మార్చిలో ఒక్కరాత్రి టోకియోపై కురిసిన నిప్పుబాంబులకు లక్షమంది ఆహుతియైరి గనుక ప్రతి నగరమును ఆ జాగ్రత్తలో నుండెను. ఆ పిల్లలలో సుమారు ఆరువేలమంది చనిపోయిరి. దేశమంతయు యుద్ధములో నిమగ్నమైయున్నప్పుడు గృహస్థుడని, సైనికుడని భేదమేమని కొందరు వాదింతురు. పెంకులు మోయుచున్న ఏడవ తరగతి బాలికను సైనికునిగా ఎంచిన పిదప, ఆ వాదము ఎవ్వరిని మాత్రము మినహాయించును? యుద్ధములో అమాయకులు పొరపాటున చచ్చుట వేరు. వారి చావునే, దానివలన పుట్టు భయమునే సాధనముగా ఎన్నుకొనుట వేరు. ఈ రెండవదానిని ఏ లెక్కయు శుద్ధి చేయజాలదని మా నిశ్చయము.

మన పూర్వులకు ఈ బాంబు తెలియునని, బ్రహ్మశిరోస్త్రమే ఇదియని మురియువారు మనలో కొందరున్నారు. ఆ మురిపెము మాకు లేదు. సౌప్తికపర్వమున గమనింపవలసినది అస్త్రమును గాదు. అర్జునుడు దానిని మరలించుకొనుట, అశ్వత్థామ మరలింపజాలక గర్భస్థ శిశువులపైకి త్రిప్పుట గమనింపవలెను.

నాగసాకి విషయము మరింత దారుణము. రెండవ బాంబునకు వేరుగా ఆలోచనయే జరుగలేదు. సిద్ధమైనకొలది వేయుచుండవలసినదని జులై 25వ తేదినే ఉత్తరువైనది. వాతావరణము చెడునని తెలిసి, 11వ తేదికి అనుకొన్న దాడిని 9కి జరిపిరి. మొదటి గురియగు కొకురా పొగచేతను మబ్బుచేతను కనబడనందున విమానము నాగసాకికి మరలెను. సుమారు 70,000 మంది చనిపోయిరి. మరునాడు అధ్యక్షుడు ట్రూమన్, తన ఆజ్ఞ లేక ఇక బాంబు వేయరాదని నిలిపివేసెను. ఇంకొక లక్షమందిని, ఆ పిల్లలనందరిని చంపుట తలచుటకే భయంకరముగా నున్నదని ఆయన మంత్రిసభలో చెప్పినట్లు వాణిజ్యకార్యదర్శి హెన్రీ వాలెస్ తన దినచర్యలో వ్రాసికొనెను. పిల్లలు 5వ తేదిని గూడ ఉండిరి.

టోకియోలో జపాను నాయకులను విచారించిన న్యాయసభలో మన దేశీయుడగు రాధాబినోద్ పాల్ మాత్రము 1948లో తన భిన్నతీర్పునందు ఈ బాంబు నిర్ణయమును ఎత్తిచూపెను. 1996లో హేగు అంతర్జాతీయ న్యాయస్థానము అణ్వస్త్రప్రయోగము సాధారణముగా చట్టవిరుద్ధమనుచు, ఒక రాజ్యము మనుగడకే ముప్పు వాటిల్లినప్పుడు మాత్రము ఏమియు నిశ్చయింపజాలమనెను. ఆ సందు ఎంత వెడల్పయినను 1945 ఆగస్టులోని అమెరికా అందులో దూరజాలదు. దాని మనుగడకు నాడు ఏ ముప్పును లేదు. ఇక జపానులోనే బాధితులైదుగురు 1955లో తమ ప్రభుత్వముపై వ్యాజ్యము వేసిరి. ఈ బాంబు అంతర్జాతీయ ధర్మమునకు విరుద్ధమని 1945 ఆగస్టు 10వ తేదిని స్విట్జర్లాండు ద్వారా అమెరికాకు నిరసన పంపిన ఆ ప్రభుత్వమే, ప్రతివాదిగా నిలిచి, నాటి చట్టము దీనిని నిషేధింపలేదని వాదించెను. 1963 డిసెంబరు 7వ తేదిని టోకియో జిల్లా న్యాయస్థానము బాంబుదాడి చట్టవిరుద్ధమని తీర్పు చెప్పి, పరిహారము కోరు హక్కు మాత్రము వ్యక్తులకు లేదని వ్యాజ్యమును కొట్టివేసెను.