రెండో డికాక్షన్

కాఫీ చరిత్ర రాసినవాళ్ళు తోటల గురించి, ఓడల గురించి, కాఫీ హోటళ్ళలో మగవాళ్ళు చేసిన రాజకీయ చర్చల గురించి చాలానే రాశారు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మాత్రం ఆ పేజీల్లో అరుదుగా కనిపిస్తుంది. అలా పేరుతో సహా మిగిలిన ఒకామె మెలిట్టా బెంట్జ్. జర్మనీలో, డ్రెస్డెన్ నగరంలో గృహిణి. కాఫీలో మడ్డినీ చేదునీ భరించలేక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం పరిచి వడపోసింది. 1908 జూన్ 20న ఆ వడపోత ఆమె పేరుమీదే బెర్లిన్ పేటెంట్ కార్యాలయంలో నమోదైంది. ఆ ఏడాది చివర కంపెనీ పెట్టింది. భర్తా కొడుకులూ అందులో పనివాళ్ళు!

నాకు ఇందులో నచ్చింది ఆమె తెలివి ఒక్కటే కాదు. ఆ తెలివిని 'చేతి మహిమ'గా పోనివ్వకుండా కాగితం మీదికి ఎక్కించుకోవడం.

మా ఇంటి ఇత్తడి ఫిల్టర్ దగ్గర అమ్మకున్న విద్య ఏ కాగితానికీ ఎక్కలేదు. చికోరీ ఎక్కువైతే రంగు వస్తుంది, వాసన పోతుంది అనేది. నూటికి ఇరవై పాళ్ళు దాటనిచ్చేది కాదు. (చట్టం నలభైతొమ్మిది దాకా ఒప్పుకుంటుంది.) పొడిని పైగిన్నెలో వేసి, చిల్లుల బిళ్ళతో మెల్లగా అదమాలి. గట్టిగా నొక్కితే చుక్క దిగదు, వదులుగా వదిలేస్తే నీళ్ళు జారిపోతాయి. తెర్లిన నీళ్ళు ఒక్క క్షణం ఆగనిచ్చి, చుట్టూ తిప్పుతూ పోయాలి. ఆ తర్వాత పావుగంటో ఇరవై నిమిషాలో మూత తీయకూడదు. చల్లారిన డికాక్షన్‌ని పొయ్యిమీద పెట్టకూడదు, వేడినీళ్ళ గిన్నెలో దింపాలి. పొడి, వేడి, కాలం మధ్య లెక్క ఇది. ఇదే లెక్క మగవాడు హోటల్లో చేస్తే 'మాస్టర్' అంటాం.

మొదటి డికాక్షన్ నాన్నకీ, తాతయ్యకీ, వచ్చిపోయేవాళ్ళకీ. అదే పొడిమీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగే పల్చటి రెండోది అమ్మకీ, అత్తయ్యలకీ. ఎవరూ శాసించలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇది అన్ని ఇళ్ళ కథ అనను. ఫిల్టర్ కాఫీ మన దగ్గర చాలాకాలం పై కులాల, మధ్యతరగతి వంటింటి దర్పం. ఇక అరకు కొండల్లో ఆ పళ్ళు కోసే ఆదివాసీ స్త్రీలు ఈ కథలో ఇంకా వెనక ఉన్నారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్లం మీద ఊరి పేరు ఉంటుంది, కోసిన చేతుల పేర్లు ఉండవు.

ఇప్పుడు అమ్మ మా ఇంటికొస్తే మొదటి డికాక్షన్ ఆమె గ్లాసులోకే వంపుతాను. "అంత చిక్కగా నాకెందుకే, ఎవరైనా వస్తారేమో, కొంచెం ఉంచు" అంటుంది.