తొమ్మిది వికెట్లకు ఐదొందలు

శుక్రవారం పొద్దున బ్నీద్ అల్ గార్‌లో మా బిల్డింగు వెనక ఖాళీ జాగాలో కుర్రాళ్ళు టెన్నిస్ బంతితో ఆడుతుంటారు. ఆఫీసుల్లో గుమాస్తా పని చేసే మాకు వాళ్ళను చూస్తే హైదరాబాదు గుర్తొస్తుంది.

అక్కడి క్రికెట్ సంఘం 1934లో పుట్టింది. దాని లీగులో చిన్న క్లబ్బులు కూడా ఆడతాయి. జీతాలుండవు. కానీ ఎవరో ఒక పెద్దమనిషి కుర్రాణ్ణి కనిపెట్టి చూస్తుంటాడు, అదే అసలు శిక్షణ.

1994లో పుట్టిన మహమ్మద్ సిరాజ్ అలా తేలినవాడే. తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపేవారు, కోచింగుకు డబ్బెక్కడిది? గల్లీలో టెన్నిస్ బంతితోనే వేగం నేర్చాడు. మామ కెప్టెన్‌గా ఉన్న జట్టు తరఫున 25 ఓవర్ల మ్యాచ్‌లో 20 పరుగులకు 9 వికెట్లు తీస్తే ఆయన మురిసిపోయి 500 రూపాయలు ఇచ్చారు. తర్వాత చార్మినార్ క్లబ్బు, 2015లో రంజీ. 2016-17లో భరత్ అరుణ్ కోచ్‌గా ఉండగా 41 వికెట్లు. 2017 ఐపీఎల్ వేలంలో 2.6 కోట్లు!

2020 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారన్న కబురు వచ్చింది. ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళక డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. అలాంటి ఫోను అందుకున్న సోదరులు మన క్యాంపుల్లో ఎందరో! వాళ్ళను వెళ్ళమనేవాళ్ళు కూడా ఉండరు. జనవరిలో హైదరాబాదులో దిగి, విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికే వెళ్ళాడు.

మా బిల్డింగు వెనక కూడా ఒక ఎడమచేతి కుర్రాడున్నాడు. మేము చందా వేసుకుని వాడికి తోలు బంతి కొన్నాం. కార్ల అద్దాల సంగతి తర్వాత చూద్దాం.