పొణికి ఎముకలు

ఆ పత్తికట్టె నాలుగు విరిచి మంటలో వెయ్యరా. పచ్చిది వద్దు, పొగబెడుతుంది. ఆఁ, ఇప్పుడు చుట్టూ కూర్చోండి. చిన్నోడా, నువ్వు నా పక్కకి రా.

2024 అక్టోబరు 22న బెజవాడ పున్నమి ఘాటు దగ్గర 5,500 డ్రోన్లు ఒక్కసారే లేచి కృష్ణ మీద బొమ్మలు కట్టాయి గదా, మీ నాన్న మిమ్మల్ని తీసుకెళ్ళాడు. వచ్చాక వారం రోజులు మీకు వేరే మాట లేదు. అప్పుడు వీడడిగాడు, "తాతయ్యా, నువ్వెప్పుడన్నా ఏదన్నా ఎగరేశావా" అని. చెప్తానన్నాను. ఇట్లాంటి రాత్రి కోసం ఆగాను. ధనుర్మాసం, చలి, మంట. తొందరపడి చెప్పే ముచ్చట కాదది.

ఎగరేశాను. 1986లో. మన ఊరి మిరప కళ్లాల్లోంచి.

విమానం మోజు నాకు మా నాన్న మాటల్లోంచే అంటుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గన్నవరంలో తెల్లవాళ్ళు విమానాల మైదానం కట్టారు. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాక, ఆకాశంలో చప్పుడైతే చాలు జనం చెట్లకింద చేరేవాళ్ళట. అందరూ దాక్కుంటే ఆయన మాత్రం చింతచెట్టెక్కి చూసేవాడట. ఆ చూపే నాకొచ్చింది.

హైదరాబాదులో చదివేటప్పుడు నేను ఎన్‌సీసీ విమాన విభాగంలో చేరాను. ఆ విభాగం 1950 నుంచీ ఉంది. అక్కడ ఏరోమోడలింగ్ నేర్పేవాళ్ళు. చిన్న ఇంజను పెట్టిన చెక్క విమానానికి రెండు ఉక్కు తీగలు కట్టి, పిడి చేత్తో పట్టుకుని నడిమధ్య నిలబడితే, అది మన చుట్టూ గానుగెద్దులా తిరిగేది. దాంతోపాటు మనమూ తిరగాలి. తల దిమ్మెక్కేది. తీగ లేకుండా వదిలితే ఎట్లా ఉంటుందో అని ఆ వయసులోనే అనుకునేవాణ్ణి. తీగ లేకుండా, రేడియోతో విమానాన్ని నడిపినవాళ్ళు అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల అన్నదమ్ములు, 1937లోనే. ఆ సంగతి పుస్తకంలో చదివి కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇరవై ఏళ్ళు నా ట్రంకుపెట్టెలో పడుంది.

1986 సంక్రాంతికి మీ నానమ్మ తమ్ముడు అమెరికా నుంచి వచ్చాడు. అందరికీ చీరలూ చాక్లెట్లూ తెచ్చి, నాకు మటుకు ఓ పొడుగాటి అట్టపెట్టె ఇచ్చాడు. "బావా, నువ్వెప్పుడూ చెప్తావే, అదే ఇది" అన్నాడు. మూత మీద విమానం బొమ్మ. ఇంటిల్లిపాదీ మూగారు. తెరిస్తే విమానం లేదు. కట్టెపుల్లలు, పల్చటి చెక్క రేకులు, తీగలు, మడతపెట్టిన పెద్ద కాగితం. మీ నానమ్మ మొహం చిన్నబోయింది. నాకు మాత్రం గుండెలో దడ పుట్టింది. ఆ కాగితం పరిస్తే మంచమంత ఉంది. విమానం అంతా అసలు కొలతలోనే గీసి ఉంది. దాని మీదే పుల్లలు పేర్చి కట్టుకోవాలన్నమాట.

కేడెట్ అంటారు దాన్ని. అయోవా రాష్ట్రంలో మాంటెజూమా అనే చిన్న ఊళ్ళో సిగ్ అనే కంపెనీ చేసేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసింది గనక ట్రైనర్. దానికి రెక్క ఒంటి పైన ఉంటుంది, కింద కాదు. రెక్క సగాలు రెండూ కొసలవైపు కాస్త పైకి లేచి ఉంటాయి, పావురం రెక్కలెత్తిపెట్టి గాల్లో జారేటప్పుడు చూడండి, అట్లా. గాలికి ఓ పక్క ఒరిగినా, చెయ్యి తీసేస్తే దానంతటదే సర్దుకుంటుంది. రెక్క కొస నుంచి కొసకి అయిదడుగులకి కాస్త తక్కువ.

కర్ర మొత్తం బాల్సా. ఈక్వెడారు అడవుల్లో పెరిగే చెట్టు. దూదిలాంటి కర్ర, నీళ్ళ బరువులో ఆరో వంతు తూగుతుంది. 1947లో థోర్ హెయర్డాల్ అనే నార్వే ఆయన బాల్సా దుంగల తెప్పకట్టుకుని పెరూ నుంచి 101 రోజులు పసిఫిక్ సముద్రం మీద పోయాడు. గోరు గుచ్చితే దిగబడిపోయే ఆ కర్ర సముద్రాన్ని దాటింది. కానీ మా పెట్టె విమానంలో మిగతా సామాను కింద నలిగి వచ్చిందేమో, ఎడమ రెక్క రిబ్బులు నాలుగు విరిగిపోయి ఉన్నాయి.

రిబ్బులంటే రెక్కకి అడ్డంగా వరసగా నిలబెట్టే పల్చటి చెక్కలు. మన వడ్రంగి బాబాయి వాటిని పక్కటెముకలే అనేవాడు. ఆయన్నే పిలిచి చూపించాను. ఒక ముక్క అరచేతిలో పెట్టుకుని ఊదాడు. ఎగిరి కిందపడింది. "ఇది కర్ర కాదు అబ్బాయ్, బెండు. మన టేకు, తుమ్మ దీనికి పనికిరావు. కొండపల్లి పో" అన్నాడు.

నాకు తట్టనిది ఆయనకి ఒక్క క్షణంలో తట్టింది. పక్కనే ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి కర్ర. నందిగామలో బస్సెక్కి, ఇబ్రహీంపట్నంలో దిగి వెళ్ళాను. బొమ్మల కాలనీలో ఓ పెద్దాయన దశావతారాలకి మక్కు పెడుతున్నాడు. మక్కంటే చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద, బొమ్మకి చేతులూ కాళ్ళూ దాంతోనే అతికిస్తారు. విరిగిన రిబ్బు ఆయన చేతికిచ్చి సంగతి చెప్పాను. వేళ్ళమధ్య తిప్పి చూశాడు. లోపలికెళ్ళి సెగ మీద ఆరబెట్టి తడి తీసిన పొణికి ముక్క తెచ్చి, రూపాయి బిళ్ళ మందాన రేకులు కోసిచ్చాడు. "మీ దానంత తేలిక రాదు. కానీ చీలదు" అన్నాడు. డబ్బు తీసుకోనన్నాడు. ఎగిరితే వచ్చి చెప్పమన్నాడు.

ఇక కట్టడం. పాత తలుపు రెక్కని రెండు స్టూళ్ళ మీద పరిచి, దాని మీద ప్లాను, ప్లాను మీద మైనం కాగితం. మైనం కాగితం లేకపోతే జిగురు ప్లానుకి అంటుకుపోతుంది. అడుగున సన్నటి దూలాన్ని గుండుసూదులతో బిగించి, దాని మీద రిబ్బులు ఒక్కొక్కటే నిలబెట్టి, మూలమట్టం పెట్టి సరిచూసి, ఫెవికాల్ చుక్క. ముందంచు, వెనకంచు. ఇట్లా ఓ సగం, మళ్ళీ ఇంకో సగం. రెండూ నడిమిన అతికేచోట అరల్డైట్. రోజూ పొలం నుంచి వచ్చాక లాంతరు పెట్టుకుని రెండు గంటలు. మీ నానమ్మ వత్తులు చేసుకుంటూ పక్కన కూర్చునేది. మీ నాన్నకప్పుడు తొమ్మిదేళ్ళు. గరుకు కాగితం పెట్టి రిబ్బుల అంచులు అరగదీసే పని వాడిది. ఇల్లంతా తెల్ల పొట్టు.

ఆ తొందరలోనే నేనో తప్పు చేశాను. పెళ్ళికి పోవాల్సి వచ్చి, ఎడమ సగం జిగురు పూర్తిగా ఆరకముందే సూదులు పీకేసి గోడకి ఆనించాను. మర్నాడు బాబాయి వచ్చి దాన్నెత్తి, ఒక కన్ను మూసి కొస నుంచి మొదలుదాకా చూశాడు. "అబ్బాయ్, ఇది మెలిపడింది" అన్నాడు. నేనూ చూశాను. నాకేం కనపడలేదు. వెంట్రుకవాసి తేడా ఉంటే ఏమవుతుందిలే అనుకుని, పైన ఎర్రటి పల్చటి ఫిల్ము వేసి ఇస్త్రీపెట్టెతో అంటించేశాను. ఆ ఫిల్ము వేడికి బిగుసుకుని డప్పు చర్మంలా అవుతుంది. లోపలి ఎముకలన్నీ కనిపిస్తాయి.

మిగతావి తొందరగా చెప్తాను. ఇంజనూ రేడియో కూడా మీ నానమ్మ తమ్ముడు తెచ్చినవే. రేడియో బ్యాటరీల చార్జరు 110 వోల్టులది, మన కరెంటు 230. నందిగామలో రేడియోలు బాగుచేసే కుర్రాడు ట్రాన్స్‌ఫార్మరు చుట్టిచ్చాడు. పద్నాలుగు గంటలు చార్జి ఎక్కాలంటే కరెంటు కోతలతో రెండు రోజులు పట్టేది. ఇంజనుకి మెథనాల్ నాలుగు పాళ్ళు, ఆముదం ఒక పాలు. మనం కాచే వంటాముదం పనికిరాదు, అందులో తడి మిగులుతుంది. గానుగలో తీసి వడగట్టింది కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల ఇంజన్లకీ ఆముదమే కందెన, తెలుసా? మా ఇంజను మొదటిసారి అంటుకున్నప్పుడు వాకిలంతా ఆముదపు దీపం ఆర్పిన వాసన. రెక్కని ఒంటికి బిగించే రబ్బరు బ్యాండ్లు మన ఎండకి చీకిపోతే, సైకిలు ట్యూబు కోసి ఉంగరాలు చేశాం.

తూకం సంగతి మాత్రం వినాలి. రెక్క కింద ముందంచు నుంచి మూడో వంతు లోపలే రెండు చూపుడువేళ్ళు పెట్టి ఎత్తితే విమానం అటూ ఇటూ వాలకుండా సమంగా నిలవాలి. తోక బరువైతే గాల్లో అదుపు తప్పుతుంది. మునేరులో వలేసేవాళ్ళ దగ్గర వల అంచుకి కట్టే సీసపు గుళ్ళు అడిగి తెచ్చి ముక్కులో పెట్టాం. ఇంకోటి ఉంది. ముక్కూ తోకా పట్టి వేలాడదీస్తే ఎడమ రెక్క దిగింది. పొణికి ఎముకలు నాలుగూ అటే గదా. కుడి రెక్క కొసన ఓ పావలా బిళ్ళ అతికించాం. సరిగ్గా తూగింది.

ఏప్రిల్ ఆఖరుకి మిరపకాయలు గుంటూరు వెళ్ళిపోయాయి. కళ్లాలు ఖాళీ. పేడతో అలికి గట్టిపడిన నేల, అయిదారు కళ్లాలు వరసగా కలిస్తే మంచి రన్‌వే. ఎప్పుడు ఎగరెయ్యాలో తూర్పారబట్టే మా పెదనాన్న చెప్పాడు. "ధాన్యం తూర్పారబట్టేవాడికి గాలి కావాలి, నీకొద్దు. నేను చేట కింద పెట్టి కూర్చునే వేళ నీది. తెల్లారగట్ట రా." గుప్పెడు దుమ్మెత్తి వదిలాడు. నిలువునా పడింది.

ఊరు సగం వచ్చింది. ఏరియల్ మడిచిపెట్టి ముప్ఫై అడుగులు వెనక్కి నడిచి రేడియో అందుతుందో లేదో చూశాను. అందింది. ఇంజను పూర్తిగా తెరిచాను. నలభై గజాలు పరిగెత్తి లేచింది. లేచీ లేవగానే ఎడమకి వాలింది. కుడికి తిప్పాను. లేచింది, మళ్ళీ ఎడమకే. వేగం తగ్గించేసరికి ఎడమ రెక్క ఒక్కసారి పడిపోయి, పక్క చేలో ముక్కు గుచ్చుకుంది. పదిహేను సెకన్లు.

ఎవరూ మాట్లాడలేదు. మీ నాన్న ఏడ్చాడు. వడ్రంగి బాబాయి చేలోకి వెళ్ళి విమానాన్నెత్తుకొచ్చాడు. నాతో ఒక్క మాట అనలేదు. కూర్చుని, రెక్కని కొస నుంచి మళ్ళీ చూసి, నా చేతికిచ్చి, ఇప్పుడు చూడమన్నాడు. చూశాను. ఈసారి కనపడింది. వెనకంచు, ముందంచు ఒకదానికొకటి సమంగా లేవు. ఎడమ కొస దగ్గర వెనకంచు పైకి మెలితిరిగింది. తలుపు మీద కనపడని వెంట్రుకవాసి గాల్లో అంతెత్తున కనపడింది. ఆ రోజు ఆయన ముందు తల దించుకున్నాను.

ముక్కు చెక్క ఒక్కటే విరిగింది. పొణికి ఎముకలకి బీట కూడా లేదు. మెలి తియ్యడం ఎట్లాగంటే, బాబాయి రెక్కని రెండు చేతుల్తో పట్టి మెలికి ఎదురు తిప్పి ఉంచితే, నేను ఇస్త్రీపెట్టెతో ఫిల్మును మళ్ళీ కాచాను. చల్లారేదాకా ఆయన పట్టిన పట్టు వదల్లేదు. చేతుల నరాలు తేలాయి. మూడుసార్లు చేశాం. మూడోసారి చూసి, "ఊఁ" అన్నాడు.

ఇంకో కష్టం ఉంది. విమానం మన నుంచి దూరంగా పోయేటప్పుడు దాని కుడి మన కుడే. మన వైపు తిరిగొచ్చేటప్పుడు చేతులు తారుమారవుతాయి. కంగారులో తప్పు వైపు తిప్పితే నేలపాలే. ఇది చెప్పి భయపడుతుంటే పెదనాన్నే అన్నాడు: "బండికి ఎదురుగా నిలబడి ఎద్దుల్ని చూస్తే దాపటెద్దు నీ కుడిచేతి వైపుంటుంది. అయినా అది దాపటెద్దే గదరా. నువ్వు ఎప్పుడూ బండిలో కూర్చున్నట్టు అనుకో." అంతే. ఆ తర్వాత నా చెయ్యి తడబడలేదు.

రెండో ఆదివారం, మళ్ళీ తెల్లారగట్ట. ఈసారి తిన్నగా లేచింది. తాటిచెట్లు దాటింది. చిల్లకల్లు ఊరి వైపు తిరిగింది. సూర్యుడు అప్పుడే పైకొస్తుంటే ఎర్రటి రెక్కలోంచి వెలుగు ఇవతలికి దిగింది, లోపలి ఎముకలన్నీ వరసగా కనపడ్డాయి. చేతులు కాసేపు వదిలేశాను. దానంతటదే నిలిచింది. చుట్టూ ఎంత మంది ఉన్నా నాకు ఇంజను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఎనిమిది నిమిషాలు. ఇంధనం అయిపోయి ఇంజను ఆగిపోతే, గాల్లో జారుకుంటూ వచ్చి కళ్లంలో చక్రాల మీద వాలింది. బాబాయి తలపాగా తీసి దాని మీది దుమ్ము తుడిచాడు.

కొండపల్లి వెళ్ళి చెప్పాను. పెద్దాయన చేతిలోని ఉలి పక్కన పెట్టి, ఎంత ఎత్తు లేచిందని అడిగాడు. తాటిచెట్టుకి రెండింతలన్నాను. పొణికి అంతెత్తు పోయిందా అని కొండల వైపు చూశాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఎగరేశాను. ఇప్పుడు బాబాయీ లేడు, పెదనాన్నా లేడు. పావలా చెల్లుబాటు కూడా 2011 జూన్ 30తో పోయింది. ఒరేయ్ పెద్దోడా, అటక మీద గోనెపట్టా కింద ఉంటుంది, జాగ్రత్తగా దించుకురా. కొసలు తగలనియ్యకు.

మంటకి దగ్గరగా వద్దు, ఫిల్ము ముడుచుకుపోతుంది. ఇట్లా దూరంగా, వెలుగు వెనకనుంచి వచ్చేటట్టు పట్టుకో. చిన్నోడా, ఎడమ సగంలో లెక్కపెట్టు. ఆఁ, నాలుగు. మిగతావాటికన్నా తెల్లగా ఉన్నాయి చూశావా? ఇప్పుడు ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి చూడు.