చీమ కాళ్లకు పంది వెంట్రుకలు

ట్యునీషియా ఉప్పుపర్రల్లో వేసవి మిట్టమధ్యాహ్నం నేల 60 డిగ్రీల దాకా కాలుతుంది. కాటగ్లిఫిస్ చీమలు సరిగ్గా ఆ వేళకే బయల్దేరతాయి, ఎండకు మాడి చచ్చిన పురుగుల్ని ఏరుకోవడానికి. పురుగు దొరికేదాకా వంకరటింకరగా తిరిగే చీమ, దొరికిందే తడవుగా తిన్నగా పుట్టకు పరుగు తీస్తుంది. పుట్ట అంటే నేల మీద ఓ చిన్న కన్నం. ఆనవాలుకు చెట్టూ చేమా లేవు. వచ్చిన దారిన తిరిగి పోవడం లేదు కాబట్టి వాసన జాడ అనుకోవడానికీ వీల్లేదు. మరి ఇల్లెక్కడో ఎలా తెలుస్తోంది? దీని ఆనుపానులు పట్టడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మొదట చెయ్యి పెట్టింది ఒక డాక్టరు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి ట్యునీషియాలోని కైరువాన్ పట్నంలో వైద్యం చేస్తున్న ఫెలిక్స్ శాంచి, రోగులు వదిలిన పొద్దంతా చీమలతోనే గడిపేవారు. అక్కడ ఆయనకు 'తబీబ్ ఎన్ నెమ్ల్' అని పేరు, అంటే చీమల డాక్టరు. ఇంటిదారి పట్టిన చీమకు ఎండ తగలకుండా ఒక పక్క అడ్డుపెట్టి, ఎదురు పక్క నుంచి అద్దంలో సూర్యుణ్ని చూపించారు. చీమ గిరుక్కున తిరిగి పుట్టకు దూరంగా నడక సాగించింది. సూర్యుణ్ని చూసి దిక్కు పట్టుకుంటోందని 1911లో ప్రకటించారు.

1923 నాటికి ఇంకో ముడి పడింది. అట్టగొట్టం లోపల ఉంచితే చీమకు సూర్యుడు కనబడడు, చుట్టుపక్కల ఏదీ కనబడదు. నెత్తిన గుండ్రటి నీలాకాశం ముక్క ఒక్కటే. అయినా దిక్కు తప్పలేదు. గొట్టం మీద గరుకు గాజుపలక పెట్టేసరికి మాత్రం తికమకపడింది. వెలుతురు వస్తూనే ఉంది, అందులో ఏదో పోయింది. ఏం పోయిందో తేలకుండానే 1940లో శాంచి కన్నుమూశారు.

ఆ గుట్టు 1949లో తేనెటీగల దగ్గర బయటపడింది. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్, నాట్యంతో మేత ఎటుందో చెబుతున్న తేనెటీగ పైన ధ్రువణ ఫలకం, అంటే ఒకే తలంలో ఊగే కాంతిని మాత్రమే వదిలే పలక, పెట్టి తిప్పారు. ఫలకం తిరిగితే ఈగ చూపే దిక్కూ మారింది. నీలాకాశం నుంచి వచ్చే కాంతి తరంగాలు చాలావరకు ఒకే తలంలో ఊగుతాయి. సూర్యుడు ఎక్కడుంటే దానికి తగ్గట్టు ఆకాశమంతా ఆ తలాల అమరిక ఉంటుంది. మన కంటికి ఆనని ఈ అమరికను ఈగ చదువుకుంటుంది. శాంచి పెట్టిన గరుకు గాజు చెదరగొట్టింది దీన్నే.

జూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన రూడిగర్ వేనర్ 1969లో ట్యునీషియా తీరాన మహరెస్ చేరి, అక్కడి చీమలతోనే దశాబ్దాలు గడిపారు. మేత దొరికిన చీమను ఎత్తి మరోచోట వదిలితే, కదపకపోయి ఉంటే పుట్ట ఎటు, ఎంత దూరాన ఉండేదో అటు అంతే పరుగెత్తి, అక్కడ లేని కన్నం కోసం చుట్లు తిరుగుతుంది. వంకర నడకలన్నీ కూడుకుని, ఇంటికి ఒక్క తిన్నని గీత లెక్కగట్టుకుంటోందన్నమాట.

దిక్కు సరే, దూరం మాటేమిటి? 2006లో పరిశోధకులు మథియాస్ విట్లింగర్, వేనర్, హరాల్డ్ వోల్ఫ్ దీని అంతు చూశారు. పుట్ట నుంచి 10 మీటర్లు కాలువలాంటి తిన్నని దారిలో నడిచి మేత చేరిన చీమల్ని పట్టుకుని, కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి పొడుగు చేశారు. కొన్నిటి కాళ్ల కొసలు కత్తిరించారు. ఇంటికి వదిలితే పొడుగు కాళ్లవి సగటున 15 మీటర్లు దాటి వెళ్లి పుట్టను వెతికాయి. పొట్టి కాళ్లవి 6 మీటర్లలోపే ఆగిపోయాయి. అడుగుల లెక్క తప్పలేదు, అడుగు కొలత మారింది. కాళ్లు పాడైనందువల్ల తడబడ్డాయేమో అన్న అనుమానమూ నిలవలేదు. అవే చీమలు పుట్టకు చేరి, అవే కాళ్లతో మళ్లీ మేతకు వచ్చి ఇంటికి మళ్లినప్పుడు రెండు రకాలూ 10 మీటర్ల దరిదాపుల్లోనే ఆగాయి. పోయిన అడుగూ వచ్చిన అడుగూ ఒకటే మరి.

ఇంత లెక్క వచ్చినా, కొత్త చీమ నేరుగా వేటకు పోదు. చీకటి పుట్ట వదిలిన తొలి రెండు మూడు రోజులు కన్నం చుట్టూ చిన్న చుట్లు తిరుగుతూ, ఆగి ఆగి ఇంటివైపు చూసుకుంటుంది. ఆ చూపుకు దిక్సూచి భూమి అయస్కాంత క్షేత్రమని 2018లో తేలింది. గ్రీసులో పరిశోధకులు తీగచుట్లతో క్షేత్రాన్ని పక్కకు తిప్పితే, చీమ చూపూ పక్కకు తిరిగింది.

ఇదంతా నడిపే మెదడు బరువు మిల్లీగ్రాములో పదో వంతు. అందులో దిక్కునూ దూరాన్నీ కలిపే కణాలేవో వెతకడానికి ఇప్పుడు ఖరీదైన పరికరాలున్నాయి. పద్ధతి మాత్రం చీమల డాక్టరుదే: ఏదో ఒక్కటి మార్చాలి, చీమ ఎటు పోతుందో చూడాలి.