డొమైన్ పేర్లు కొని అమ్మాలనుకునే వారికి

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ డొమైన్ పేర్లు కొని అమ్మవచ్చా అని మన సంఘం మిత్రులు నన్ను తరచూ అడుగుతుంటారు. హెచ్-1బి వీసా మీద ఉన్నవారు ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగండి. ఆ వీసా స్పాన్సర్ చేసిన కంపెనీలో పనికే పరిమితం.

డాట్ కామ్ పేరుకి ఏడాదికి సుమారు 11 నుంచి 20 డాలర్లు. చవకే అనిపిస్తుంది గానీ, 100 పేర్లుంటే ఏటా వెయ్యి డాలర్లు పైమాటే, అమ్ముడైనా కాకున్నా. చాలా పేర్లు అమ్ముడుపోవు కూడా. అందుకే ఐదారు పేర్లతో మొదలుపెట్టమంటాను. మొదటి ఏడాది తక్కువకిచ్చి రిన్యూవల్‌లో పెంచే రిజిస్ట్రార్లూ ఉన్నారు, చూసుకోండి.

ఫోనులో ఒక్కసారి చెబితే స్పెల్లింగు అడక్కుండా రాసుకోగలిగే పేరు మంచిది. తెలుగు మాటలతో చిక్కు అక్కడే. "వంటిల్లు"ని ఇంగ్లీషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు!

కంపెనీ పేరో, సినిమా హీరో పేరో ముందే కొనేసి వాళ్ళకే అమ్ముదామనుకుంటే మాత్రం ప్రమాదం. ఇతరుల ట్రేడ్‌మార్కుని దురుద్దేశంతో రిజిస్టర్ చేస్తే, 1999 నాటి అమెరికా చట్టం కింద కోర్టు పేరుకి 1,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా పరిహారం వేయవచ్చు. బతికున్న మనిషి పేరుని అమ్ముకునే ఉద్దేశంతో, అనుమతి లేకుండా కొన్నా దావా వేయవచ్చు. ఇక ఐకాన్ వారి యూడీఆర్‌పీ విధానంలో కోర్టుకి వెళ్ళకుండానే పేరు పోవచ్చు. కొనేముందు అమెరికా ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెబ్‌సైటులో వెతకండి, ఉచితమే.

అమ్మేటప్పుడు ఎస్క్రో ద్వారానే అమ్మండి. డబ్బు వాళ్ళకి చేరిందని తెలిశాకే పేరు బదిలీ చేయండి.