కొంగ కాళ్ల కింది నీరు

మొగలు ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసినదిగా భావించే సైబీరియా కొంగ చిత్రం కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియంలో ఉన్నది. దాని కాలం సుమారు 1625. పల్లాస్ 1773లో ఆ పక్షిని శాస్త్రీయంగా వర్ణించడానికి దాదాపు 150 ఏళ్లకు పూర్వమే దాని రూపం మన దేశంలో ఇంత నిశితంగా నమోదైనది. ఆ రూపాన్నే మరల చూపడంతో తృప్తిపడితే కెమెరా కొత్తగా సాధించినది స్వల్పమే. పక్షి నిలిచిన స్థలాన్ని, కాలాన్ని పట్టి ఇవ్వడమే ఛాయాచిత్రపు విశిష్టత.

భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ ఇందుకు నిదర్శనం. 18వ శతాబ్దంలో సూరజ్‌మల్ కాలపు అజాన్ కట్టతో నీరు చేరిన ఈ పల్లపు నేలను తరువాతి సంస్థానాధీశులు బాతుల వేటకై తీర్చిదిద్దారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో పాల్గొన్న వేటలో 4,273 పక్షులు హతమైనట్లు అక్కడి శిలాఫలకమే చెబుతుంది. అదే నేల 1985లో ప్రపంచ వారసత్వ స్థలమైనది.

1982లో అక్కడ పశువుల మేతను నిషేధించారు. గేదెలు మేయకపోవడంతో నీటిగడ్డి దట్టమై, తెరపి నీరు తగ్గిందని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు గుర్తించారు. లోతులేని నీటిలో బురదను తవ్వి తుంగగడ్డలు తినే సైబీరియా కొంగలకు ఆ తెరపి అవసరం. వాటి క్షీణతకు వలస దారిలోని వేట ప్రధాన కారణమని భావిస్తారు; అయినా శీతకాలపు విడిదిలో వచ్చిన మార్పును విస్మరించలేము. 2002 తరువాత అవి అక్కడ కనిపించలేదు. ఇప్పుడు వాటి పాత ఛాయాచిత్రాలలో తలను, మెడను మాత్రమే చూపేవి మన్సూర్ చిత్రానికి చేర్చేది తక్కువ. కాలి కీలు వరకు నీరు, చుట్టూ గడ్డి, పక్కన మేసే సారస పక్షులు కనిపించేవి ఆ చిత్తడి నేల దస్తావేజులు.

కావున నీటిలో నడిచే పక్షిని చిత్రించేవారు కెమెరాను నీటిమట్టానికి దగ్గరగా దించడం మేలు. పక్షి సాగే దిశలో కొంత ఖాళీ ఉండాలి. అడుగు నీటిని తాకే చోటు, నీడ అంచు తెగిపోరాదు. ఎండలో తెల్లని ఈకల గీతలు చెరిగిపోకుండా వెలుతురును కొంత తగ్గించి తీయాలి.

దిద్దుబాటుకు కూడా ఒక హద్దు ఉన్నది. ఒరిగిన నీటిరేఖను సరిచేయడం, నీడలోని భాగాన్ని కొద్దిగా తేటపరచడం సమ్మతమే. అడ్డువచ్చిన రెల్లును చెరిపివేయడం, పక్కనున్న పక్షిని తొలగించడం మాత్రం సాక్ష్యాన్ని మార్చడమే. నాడు చీకటి గదిలో అంచులు కత్తిరించినా నెగటివ్ మిగిలేది. నేడు కంప్యూటరులో మూల ప్రతిని పదిలపరచకపోతే అదీ మిగలదు.

మన కొల్లేరులో చేపల చెరువుల గట్లను 2006లో పెద్ద ఎత్తున తొలగించారు. ఆ గట్టు పక్కన నిలిచిన ఎర్రకాళ్ల కొంగను చిత్రించినవారు, అందవికారమని గట్టును కత్తిరించి ఉంటే, సరస్సు ఆక్రమణకు గురైన కాలం బొమ్మలోంచి మాయమవుతుంది. తేదీ, స్థలం రాసి, గట్టును ఉండనిచ్చిన ఛాయాచిత్రం రేపటి చరిత్రకారునికి, పాలకునికి కూడా ఆధారమవుతుంది.