ఆగాలంటే కదలాలి: పాత రోల్స్ రాయిస్ బ్రేకుల కథ

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. అది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చారు, కానీ కారు రాకముందే 1911లో కన్నుమూశారు. లోపల సింహాసనంలాంటి సీటు ఉంటుంది. అందరూ ఆ సీటే చూస్తారు. మనం ఇవాళ కారు కిందకి దూరి బ్రేకులు చూద్దాం.

ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్‌లో ముందు చక్రాలకి బ్రేకులే లేవు. చేతి లివర్ లాగితే వెనక చక్రాల డ్రమ్ములు పట్టుకుంటాయి. పెడల్ తొక్కితే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదున్న బ్రేకు పడుతుంది. 1913లో పెడల్ బ్రేకుని కూడా వెనక డ్రమ్ముల్లోకే మార్చారు. అయినా అసలు చిక్కు తీరలేదు. బ్రేకు వేయగానే బరువు ముందుకి వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా అది జారుతుందే తప్ప బండిని ఆపదు.

మరి ముందు చక్రాలకి ఎందుకు పెట్టలేదు? అవి పక్కలకి తిరిగే చక్రాలు, వాటిదాకా రాడ్లు తీసుకెళ్లడం కష్టం. పైగా ముందు చక్రం బిగుసుకుపోతే స్టీరింగ్ పనిచేయదన్న భయం. ఇంకోటి, అంత బరువైన కారుకి నాలుగు డ్రమ్ములు బిగించే బలం ఒక మనిషి కాలికి ఎక్కడిది?

జవాబు 1919లో హిస్పానో సుయిజా హెచ్6 కారుతో వచ్చింది. దాని ఇంజనీర్ మార్క్ బిర్కిగ్ట్. ఆయన ఆలోచన సింపుల్. కారు పరుగులోనే బోలెడు బలం ఉంది కదా, దాన్నే వాడుకుందాం అన్నాడు. గేర్‌బాక్స్ నుంచి కదలిక తీసుకుని, చక్రాలతో పాటు నెమ్మదిగా తిరిగే సర్వో పెట్టాడు. పెడల్ తొక్కితే ఆ సర్వో పట్టు బిగుస్తుంది. ఆ రాపిడే రాడ్లని లాగుతుంది. కాలు చెప్తుంది, పని కారే చేస్తుంది! ఈ పద్ధతినే రోల్స్ రాయిస్ తీసుకుని, 1923-24లో సిల్వర్ ఘోస్ట్‌కి నాలుగు చక్రాల బ్రేకులు ఇచ్చింది. 1955లో వచ్చిన సిల్వర్ క్లౌడ్‌లో కూడా ఈ సర్వో ఉంది. 1965 నాటి సిల్వర్ షాడోలో అది లేదు.

ఇప్పుడు రిపేరు సంగతి. షెడ్డులో కారు నిలబెట్టి పెడల్ తొక్కి చూస్తే సర్వో గురించి ఏమీ తెలీదు. కారు కదలకపోతే సర్వో తిరగదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇది రన్‌టైమ్ బగ్. కోడ్ చదివితే కనబడదు, నడిపిస్తేనే కనబడుతుంది. ఖాళీ చోట, చేతి బ్రేకు సరిగ్గా ఉందని తేల్చుకుని, మెల్లగా నడుపుతూ చూడాలి.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు ఆగట్లేదా? గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారి సర్వో లైనింగ్ మీద పడి ఉండొచ్చు. లైనింగ్ ఒక్కటే మారిస్తే చాలదు, ముందు లీకు ఆపాలి. కాలు తీసినా బ్రేకు వదలట్లేదా? సర్వోలో సందు మరీ తక్కువ ఉందేమో, రాడ్ల పిన్నులు తుప్పు పట్టాయేమో చూడాలి. కారు ఒక పక్కకి లాగుతోందా? నాలుగు చక్రాలూ జాకీల మీద లేపి, ఒక్కొక్కటీ చేత్తో తిప్పి, ఏది ముందు బిగుస్తుందో చూడాలి.

వరస కూడా ముఖ్యం. ముందు డ్రమ్ములు, షూలు. తర్వాత రాడ్లు, పిన్నులు. సర్వో చివర్న. షూలు అరిగిపోతే రాడ్లు కుదించి సరిపెట్టకూడదు. లివర్ల కోణం చెడిపోయి, తొక్కిన బలం వృథా అవుతుంది.

ఒక జాగ్రత్త. ఎత్తు రోడ్డు మీద కారు ఆగిందంటే సర్వో కూడా ఆగినట్టే. అక్కడ పెడల్‌ని నమ్ముకోకుండా చేతి బ్రేకు లాగాలి. ఎంత ఖరీదైన కారైనా ఈ లెక్క మారదు.

మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా ఇలాంటి పాత కారు ఉంటే కామెంట్లో చెప్పండి.